సి డ్రైవ్ మొత్తం రాసిచ్చేయకండి

మీ కొట్లోనో, ఆఫీసులోనో నల్లటి తెర మీద నడిచే పాత ప్రోగ్రాం ఒకటి ఇప్పటికీ ఉండే ఉంటుంది. ఫాక్స్‌ప్రోలో రాయించిన చిట్టీల లెక్క, ఎరువుల కొట్టు బిల్లింగు, రైస్‌మిల్లు స్టాకు... ఏదో ఒకటి. తొంభైల్లో అమీర్‌పేటలోనో విజయవాడలోనో కోర్సు చేసొచ్చిన కుర్రాడు రాసిచ్చాడు. ఆ కుర్రాడు ఇప్పుడు ఏ డల్లాస్‌లోనో ఇల్లు కొనుక్కుని ఉంటాడు. ప్రోగ్రాం మాత్రం ఇక్కడే ఉండి పైసా తేడా లేకుండా లెక్క చెబుతోంది. పాత కంప్యూటర్ పోయింది, కొత్తది కొన్నారు. 64 బిట్ల విండోస్‌కు 16 బిట్ల డాస్ ప్రోగ్రాములు నడపడం రాదు. అందుకని ఒక వర్చువల్ మెషిన్ పెట్టి, అందులో డాస్ ఎక్కించి, ప్రోగ్రాంను దాంట్లో కూర్చోబెట్టారు. నడిచింది. అప్పుడు మొదలైంది అసలు చిక్కు. లోపల తయారైన రిపోర్టు బయటికి రావాలి, బయట ఉన్న ఫైలు లోపలికి వెళ్లాలి. ఎలా?

దీన్ని వ్యక్తిత్వ వికాసం పేజీలో ఎందుకు చెబుతున్నానంటే, డాస్‌తో ఫోల్డర్ పంచుకునేటప్పుడు వచ్చే ఇబ్బందులన్నీ మనుషులతో పని పంచుకునేటప్పుడూ వచ్చేవే. మనుషులైతే మొహమాటానికి ఊరుకుంటారు. డాస్‌కు మొహమాటం లేదు, ఫైలు పాడుచేసి చూపిస్తుంది.

చాలామంది మొట్టమొదట చేసే పని, బయటి కంప్యూటర్ (దీన్నే హోస్ట్ అంటారు) సి డ్రైవ్ మొత్తాన్ని డాస్ చేతిలో పెట్టడం. డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్లో అయితే 'మౌంట్' అనే ఒక్క కమాండు చాలు. హోస్ట్‌లో ఉన్న ఏ ఫోల్డర్‌నైనా డాస్‌కు ఒక డ్రైవ్‌గా చూపించవచ్చు. ఏ ఫోల్డర్ ఇవ్వాలో ఆలోచించే ఓపిక లేక, 'మొత్తం ఇస్తే గొడవ వదిలిపోతుంది' అని సి డ్రైవ్‌నే ఇచ్చేస్తారు. అలా ఇవ్వడం మంచిది కాదు, ఈసారి లోపలి ఫోల్డరేదైనా ఇవ్వండి అని డాస్‌బాక్స్ అక్కడికక్కడే హెచ్చరిస్తుంది. ఆ లైను చదివేదెవరు?

డాస్‌కు వాడేవాళ్ల పేర్లు, పాస్‌వర్డులు, అనుమతులు అనే ఊహే లేదు. 1981లో ఐబీఎం పీసీతో పాటు అది బయటికొచ్చినప్పుడు ఒక మనిషి, ఒక బల్ల, ఒక కంప్యూటర్, అంతే దాని లోకం. ఎదురుగా కూర్చున్నవాడే యజమాని. చెరపమంటే చెరుపుతుంది, రీసైకిల్ బిన్ ఉండదు. పాత ప్రోగ్రాంతో వచ్చిన బ్యాచ్ ఫైల్లో తాత్కాలిక ఫైళ్లన్నీ తుడిచేసే లైను ఒకటి ఉందనుకోండి. అది తుడిచే చోటే మీ కొత్త ఫైళ్లు ఉంటే తప్పు దానిదెలా అవుతుంది? దాన్ని అక్కడిదాకా రానిచ్చింది మీరు.

అన్నీ ఇచ్చేయడాన్ని మనం నమ్మకం అని పిలుచుకుంటాం. చాలాసార్లు అది బద్ధకం. కొత్తగా చేరిన కుర్రాడికి ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ చెప్పేసి 'నీకేం కావాలో చూసుకోవయ్యా' అనే మేనేజరు ఉదారుడేం కాదు. వాడికి ఏం కావాలో కూర్చుని ఆలోచించే పని తప్పించుకున్నాడు. రేపు అందులోంచి ఒక మెయిల్ పోతే ఆ కుర్రాడి పేరూ పోతుంది, మేనేజరు నిద్రా పోతుంది. కాబట్టి ఇచ్చేముందు కాసేపు కూర్చోండి. ఈ పనికి ఏ ఫైళ్లు కావాలో రాసుకోండి. వాటికొక ఫోల్డర్ చేసి, అది మాత్రం ఇవ్వండి. చదివితే చాలనుకున్న చోట రాసే హక్కు ఇవ్వకండి. చాలకపోతే అడుగుతారు, అప్పుడు పెంచవచ్చు. ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మాత్రం, అవతల ఉన్నది మెషినైతే ఒక కమాండు, మనిషైతే ఒక గొడవ.

ఇంకో సంగతి. డాస్ వర్చువల్ మెషిన్‌కు ఇంటర్నెట్ లేకుండా విడిగా ఉంచితే బయటి వైరస్‌ల బెడద దానికి దాదాపు ఉండదు. మీరు పంచుకున్న ఫోల్డర్ ఒక్కటే రాకపోకల దారి. ఆ దారి ఎంత ఇరుకైతే అంత నయం.

ఇప్పుడు ఇంతకంటే పెద్ద ప్రమాదం దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానించాలి.

వర్చువల్ మెషిన్ హార్డ్ డిస్కు నిజానికి హోస్ట్‌లో ఉండే ఒక పెద్ద ఫైలు. ఆ ఫైలును హోస్ట్ కూడా ఒక డిస్కులా తెరిచి చూడగలదు. ఈ కిటుకు తెలిసిన రోజు భలే సంబరంగా ఉంటుంది. లోపల డాస్ నడుస్తుండగానే బయటి నుంచి ఆ డిస్కు తెరిచి, అందులో ఒక ఫైలు పడేసి, పనైపోయిందనుకుంటారు.

ఏ ఫైలు డిస్కు మీద ఏయే గళ్లలో ఉందో రాసుకునే పట్టిక పేరు ఫ్యాట్. డాస్ తాను చదివిన పట్టికను మెమరీలో పెట్టుకుని, అదే నిజమని తన పని తాను చేసుకుపోతుంది. తన డిస్కును ఇంకొకరు ముట్టుకుంటారన్న అనుమానం దానికి రాదు, వచ్చే దారీ లేదు. మీరు బయటి నుంచి ఖాళీ గళ్లు చూసుకుని మీ ఫైలు పెట్టారు. డాస్ లెక్కలో ఆ గళ్లు ఇంకా ఖాళీయే. కాసేపటికి తన ఫైలు కూడా అక్కడే రాసింది. ఇప్పుడు రెండు ఫైళ్లూ ఆ గళ్లు మావంటే మావంటాయి. ఒకటి పోయినట్టే. ఏది పోయిందో మార్చి నెలాఖరున లెక్కలు తీసినప్పుడు గానీ బయటపడదు. ఇద్దరు గుమస్తాలు ఒకే చిట్టాకు చెరో నకలు ఇంటికి పట్టుకెళ్లి, రాత్రంతా రాసి, తెల్లారి వచ్చి ఒకరి పేజీల మీద ఇంకొకరి పేజీలు అంటించినట్టు ఉంటుంది వ్యవహారం. ఇద్దరూ కష్టపడ్డారు, ఇద్దరి లెక్కా సరైనదే, చిట్టా మాత్రం పనికిరాదు.

క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్లో హోస్ట్ ఫోల్డర్‌ను ఫ్యాట్ డిస్కుగా మార్చి చూపించే సదుపాయం ఉంది. గెస్ట్, అంటే లోపలి డాస్, దాన్ని వాడుతున్నప్పుడు హోస్ట్ వైపు నుంచి ఆ ఫోల్డర్‌లో రాయవద్దని దాని మాన్యువల్లోనే ఉంటుంది. మామూలుగా అది చదవడానికే ఇస్తుంది. రాయాలంటే మీరు ప్రత్యేకంగా అడగాలి. చేసినవాళ్లకు మన బుద్ధి బాగా తెలుసు.

మరి సరైన దారేది? డాస్‌ను డిస్కు ముట్టుకోనివ్వకుండా, ఫైలు అడగనివ్వడం. 3.1 వెర్షన్ నుంచి డాస్‌లో నెట్‌వర్క్ రీడైరెక్టర్ అనే ఏర్పాటు ఉంది. ఫలానా డ్రైవ్ సంగతి నేను చూడను, వేరేవాళ్లు చూసుకుంటారు అని డాస్ ఒప్పుకోవడమే అది. ప్రోగ్రాం 'ఈ ఫైలు తెరువు' అనగానే డాస్ గళ్లూ పట్టికలూ వెతుక్కోకుండా ఆ మాటను ఇంటరప్ట్ 2ఎఫ్ ద్వారా అవతలికి అందిస్తుంది. అక్కడ కాచుక్కూర్చున్న చిన్న ప్రోగ్రాం హోస్ట్‌ను అడుగుతుంది. డిస్కు మీద చెయ్యి వేసేది హోస్ట్ ఒక్కటే. లినక్స్‌లో డాస్ఎము తన ఎల్‌రీడిర్ కమాండుతో చేసేది ఇదే. వీఎంవేర్ కోసం రాసిన వీఎంఎస్‌మౌంట్, వర్చువల్‌బాక్స్ కోసం రాసిన వీబీఎస్ఎఫ్ కూడా ఈ తోవలోవే. ఆ చివరి రెండూ కంపెనీలు ఇచ్చినవి కావు. వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్స్ డిస్కులో డాస్ కోసం వెతికితే మీకు దొరికేదేమీ ఉండదు. బయటివాళ్లెవరో ఇష్టంతో కూర్చుని రాసి, ఊరికే వాడుకోండని పెట్టారు. అలాంటివి వాడుకున్నప్పుడు రాసినవాళ్లకు రెండు ముక్కలు మెయిల్ కొట్టండి. అదీ వ్యక్తిత్వ వికాసమే, పైగా ఖర్చు లేనిది.

ఈ ఏర్పాటును మీ ఇంటికి, మీ ఆఫీసుకు పట్టించి చూడండి. 'ఈ పని మీ ఇద్దరూ చూసుకోండి' అని ఎవరైనా అన్నారంటే, ఇద్దరూ డిస్కు ముట్టుకుంటారని అర్థం. పెళ్లిలో క్యాటరింగ్ ఆయనకు అన్న ఒక అడ్వాన్సు, తమ్ముడు ఒక అడ్వాన్సు ఇచ్చిన ఇళ్లు మీరు చూడలేదా? ఇద్దరూ బాధ్యత తెలిసినవాళ్లే. ఇద్దరి జేబులోనూ ఉన్నది నిన్నటి లెక్క. అలాంటి చోట ముందే తేల్చేయండి: లెక్క ఒకరి దగ్గరే ఉంటుంది, రెండో మనిషి అడిగి తీసుకుంటాడు, చేసింది చెప్పి రాయిస్తాడు. అడిగేవాడికి ఇందులో నామోషీ లేదు. ఫాక్స్‌ప్రో అంతటిది రోజంతా అడిగే తీసుకుంటుంది. లెక్క దగ్గర పెట్టుకున్నవాడికీ ఒక నియమం ఉంది, అడిగినప్పుడు విసుక్కోకూడదు. విసుక్కుంటే అవతలివాడు మళ్లీ సొంత చిట్టా మొదలెడతాడు.

అయితే ఈ ఏర్పాటుతో అన్నీ తీరిపోవు. ఫాక్స్‌ప్రోలో డీబీఎఫ్ ఫైలు పక్కనే సీడీఎక్స్ అని ఒక ఇండెక్స్ ఫైలు ఉంటుంది. పంచుకున్న ఫోల్డర్లో కనిపించింది కదా అని ఆ డీబీఎఫ్‌ను బయట లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో తెరిచి, నాలుగు వరసలు దిద్ది సేవ్ చేశారనుకోండి. డీబీఎఫ్ మారింది, ఇండెక్స్ మారలేదు. రేపు పేరుతో వెతికితే రామారావు గారి ఖాతాకు సుబ్బారావు గారి బాకీ కనిపిస్తుంది. బయట చూడాలంటే నకలు తీసుకుని చూడండి. దిద్దాలంటే ఆ ప్రోగ్రాంలోకే వెళ్లి దిద్దండి. అందుబాటులో ఉందంటే అధికారం ఉన్నట్టు కాదని వేరే చెప్పాలా?

ఇంకో దారి కూడా ఉంది, చూడ్డానికి అదే సవ్యంగా కనిపిస్తుంది. కొత్తవాళ్ల భాషను డాస్‌కే నేర్పడం. డాస్ కోసం మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్ 3.0 అని ఒకటుండేది. దాన్ని ఎక్కిస్తే 'నెట్ యూజ్' కమాండుతో విండోస్ షేర్‌ను ఒక డ్రైవ్‌గా తగిలించుకోవచ్చు. కానీ డాస్‌లో ప్రోగ్రాములకు దొరికే మామూలు మెమరీ 640 కిలోబైట్లు. కార్డు డ్రైవరు, ప్రోటోకాల్, క్లయింటు అన్నీ వచ్చి అందులో కూర్చుంటే, ఏ ప్రోగ్రాం కోసం ఇంత హడావుడి చేశామో దానికే చోటు చాలదు. ఎలాగో సర్దినా అది మాట్లాడేది విండోస్ షేర్ల ప్రోటోకాల్ ఎస్ఎంబీలో మొదటి తరం భాష. 2017 మే నెలలో వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది విండోస్‌లో ఆ పాత ప్రోటోకాల్‌కున్న లొసుగులోంచే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించిన కంప్యూటర్లలో ఎస్ఎంబీ 1 సర్వర్ భాగాన్ని పెట్టడమే మానేశారు. ఒక్క డాస్ కోసం దాన్ని మళ్లీ తెరవమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. వినకండి.

ఈథర్‌డీఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతి ఇందుకు సరిగ్గా ఎదురు. డాస్ వైపు ఉండేది ఒక చిన్న టీఎస్ఆర్, అంటే మెమరీలోనే కూర్చుండిపోయే ప్రోగ్రాం. టీసీపీ ఐపీ కూడా అక్కర్లేదు, నేరుగా ఈథర్‌నెట్ ఫ్రేముల్లో మాట్లాడుతుంది. బరువంతా లినక్స్ వైపు ఉన్న సర్వర్ మోస్తుంది. డాస్ దగ్గర కిలోబైట్లున్నాయి, హోస్ట్ దగ్గర గిగాబైట్లున్నాయి. ఎవరు మోయాలన్నది ఆలోచించాల్సిన ప్రశ్నేనా?

మనుషుల మధ్య మాత్రం దీన్ని తిరగేసి చేస్తాం. ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమస్తా గారికి కొత్త సాఫ్ట్‌వేర్ రాదని నవ్వుతాం. 'ఎన్నిసార్లు చెప్పాలండీ, పైన కుడిపక్క మూడు చుక్కలు నొక్కండి' అని గదమాయిస్తాం. ఆయన మెమరీలో ముప్పై ఏళ్ల ఖాతాదారులు, వాళ్ల మాట తీరు, ఎవరు పండక్కి ముందు కడతారు, ఎవరు కోతల తర్వాత కడతారు, ఇవన్నీ కూర్చుని ఉన్నాయి. మీ మెనూ కోసం వాటిని ఖాళీ చేయమంటారా? ఆయనకు అలవాటైన వరసలో ఒక షీటు తయారుచేసి చేతిలో పెట్టడం మీకు పది నిమిషాల పని. రెండు లోకాలూ తెలిసింది మీకు కాబట్టి తగ్గాల్సింది మీరే. ఇంట్లో అమ్మకు ఫోన్ నేర్పేటప్పుడు కూడా ఇంతే. చిరాకు వచ్చిన ప్రతిసారీ 640 కిలోబైట్లు గుర్తు తెచ్చుకోండి, అయితే ఆ మాట ఆవిడతో అనకండి.

తగ్గడం అంటే ఎంత? ఫైలు పేర్ల దగ్గర చూడండి. డాస్‌కు పేరంటే ఎనిమిది అక్షరాలు, చుక్క, ఆపైన మూడు. పొడుగు పేరు ఇస్తే చాలాచోట్ల మొదటి ఆరు అక్షరాలు ఉంచి, వెనక ఒక అలగీత, ఒక అంకె తగిలిస్తారు. ఒకే మాటతో మొదలయ్యే పేర్లు నాలుగుంటే, ఒకటి రెండు మూడు నాలుగు అంకెలతో నలుగురు కవల పిల్లలు తయారవుతారు. ఏది జనవరిదో, ఏది ఏప్రిల్‌దో తెరిస్తే గానీ తెలియదు. తెలుగులో పేరు పెడితే డాస్‌కు ఆ అక్షరాలే లేవు. కాబట్టి ఆ ఒక్క ఫోల్డర్లో మీరే పొట్టి ఇంగ్లీషు పేర్లు పెట్టండి, నెలను పేరు చివర కాక మొదట పెట్టండి. మిగతా కంప్యూటరంతా మీ ఇష్టం. తగ్గడమంటే ఇంతే, కలిసే చోట తగ్గడం. తన పద్ధతులన్నీ వదిలేసి అవతలివాళ్లలా మారిపోవాలని హోస్ట్‌ను ఎవరూ అడగలేదు.

చిన్న చిన్న పేచీలు ఇంకొన్ని ఉంటాయి. బయట ఫోల్డర్లో ఫైలు పెట్టారు, లోపల డాస్‌బాక్స్‌లో 'డిర్' కొడితే కనపడదు. 'పెట్టాను కదా', 'లేదు కదా' అని మీతో మీరే వాదించుకోవాలి. డాస్‌బాక్స్ ఫోల్డర్ జాబితాను ఒకసారి చదివి దాచుకుంటుంది. కంట్రోల్ ఎఫ్4 నొక్కితేనో, 'రీస్కాన్' కమాండు ఇస్తేనో మళ్లీ చూస్తుంది. మెయిల్ పంపి వారం తర్వాత 'అప్పుడే పంపానుగా' అనే సహోద్యోగి మీకు తెలిసే ఉంటాడు. పంపడంతో మీ పని సగమే అయింది. చూసుకోమని ఒక మాట చెబితే పూర్తవుతుంది.

గడియారం గొడవ ఇంకా సరదాగా ఉంటుంది. డాస్ ఫైలు సమయాన్ని రెండు సెకన్ల మెట్లలో రాసుకుంటుంది, బేసి సెకను దానికి లేదు. కొత్త కంప్యూటర్ అంతకంటే చాలా సూక్ష్మంగా రాసుకుంటుంది. రెండు వైపులా ఉన్న ఒకే ఫైలును పోల్చే టూలు, సమయం ఒక్క సెకను తేడా ఉంది కాబట్టి ఫైలు మారిపోయిందని పట్టుబట్టి, మారని ఫైలును మళ్లీ మళ్లీ నకలు తీస్తుంది. విండోస్‌లోని రోబోకాపీకి ఇందుకోసమే ఎఫ్ఎఫ్‌టీ అనే స్విచ్ ఉంది. అది ఇస్తే రెండు సెకన్ల తేడాను పట్టించుకోదు. పక్కవాడి కొలత మీ కొలతంత సన్నం కాదని తెలిశాక కూడా సెకన్ల దగ్గర పేచీ పెట్టుకునే మనుషులకు అలాంటి స్విచ్ ఎవరూ తయారుచేయలేదు. మీరే పెట్టుకోవాలి.

అసలు మీకు రోజూ రాకపోకలు అవసరమా? నెలకోసారి రిపోర్టు బయటికి తీయడానికి, ఏడాదికోసారి కొత్త రేట్లు లోపలికి పంపడానికి ఎప్పుడూ తెరిచి ఉండే ఫోల్డర్ ఎందుకు? లోపలికి పంపాల్సినవి ఒక ఐఎస్ఓ ఇమేజ్‌గా చేసి సీడీలా తగిలించండి, డాస్ దాన్ని చదువుతుందే తప్ప చెరపలేదు. చిన్న ఫైలైతే 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఇమేజ్ చాలు. లేదంటే డాస్ నెట్‌వర్క్ ప్రోగ్రాముల కట్ట ఎంటీసీపీలోని ఎఫ్‌టీపీ ప్రోగ్రాంతో అవసరమైన రోజు పంపుకుని మూసేయండి. వర్చువల్ మెషిన్‌ను పూర్తిగా ఆపేసి, అప్పుడు దాని డిస్కు ఇమేజ్‌ను బయట తెరిచినా ప్రమాదం లేదు, రాసేవాడు ఒక్కడే కాబట్టి. అందరితోనూ రోజూ టచ్‌లో ఉండాలని, ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ పలకాలని కొందరికి తపన. కొన్ని సంబంధాలు నెలకో ఫోనుతో చక్కగా నడుస్తాయి.

ఇంతకీ మీ దగ్గర పాత డాస్ ఫ్లాపీలు లేకపోతే ఫ్రీడాస్ ఎక్కించుకోండి. 1994లో ఎంఎస్ డాస్‌కు ఇక రోజులు దగ్గరపడ్డాయని అందరికీ అర్థమైనప్పుడు జిమ్ హాల్ అనే ఫిజిక్స్ విద్యార్థి, మనమే ఒక డాస్ రాసుకుందాం రండి అని జూన్ 29న ప్రకటించాడు. ఉత్త పిలుపుతో సరిపెట్టలేదు, తను అప్పటికే రాసుకున్న చిన్న చిన్న కమాండ్లు ముందు పెట్టాడు. వాటిని చూసి ఇంకొందరు వచ్చారు, కెర్నల్ రాసే మనిషి దొరికాడు. 1.0 వెర్షన్ రావడానికి 2006 సెప్టెంబర్ దాకా పట్టింది. 2025లో 1.4 వచ్చింది. అందరికీ పంచారు, కానీ జీపీఎల్ అనే షరతుల కాగితంతో పంచారు: వాడుకోండి, మార్చుకోండి, మార్చింది ఇంకొకరికి ఇస్తే దాని సోర్సు కూడా ఇదే షరతు మీద ఇవ్వండి అని. మనవాళ్లకు షరతు అంటే అనుమానం. షరతు ముందే రాసి ఉంటే అనుమానానికి చోటెక్కడిది?

ఇక పని మొదలెట్టండి. హోస్ట్‌లో ఒక ఫోల్డర్ చేయండి, ఎనిమిది అక్షరాలకు మించని పేరు పెట్టండి. డేటా ఫైళ్లకు మరోచోట ఒక నకలు తీసి, డాస్‌లో ఆ ఒక్క ఫోల్డర్‌నే తగిలించి, ముందు నకలు మీద నడిపి చూడండి. డాస్‌బాక్స్ ఆటల కోసం పుట్టింది కాబట్టి దాని మీద వ్యాపారపు లెక్కలు నడిపేవాళ్లు రోజువారీ బ్యాకప్ తప్పించకూడదు. డేటా ఈ ఫోల్డర్లో ఉంటే, మిగతా ఫైళ్లతో పాటు ఇదీ మీ మామూలు బ్యాకప్‌లో పడిపోతుంది, డాస్ నుంచి వేరే తిప్పలు అక్కర్లేదు. వారం నడిచాక ఒక కాగితం తీసుకుని, పంచుకున్న ఫోల్డర్ ఏది, అందులో ఎవరు రాస్తారు, ఫైలు కనపడకపోతే ఏ మీట నొక్కాలి, బ్యాకప్ ఎక్కడుంది, ఇవి తెలుగులో రాసి మానిటర్ పక్కన అంటించండి. తర్వాత ఒక రోజు సెలవు పెట్టి, కొట్లో కుర్రాడిని ఆ కాగితం చూసి బిల్లు తీయమనండి. ఫోన్ చేశాడంటే, ఏం అడిగాడో అది కూడా ఆ కాగితం మీద రాయండి.